నలభై గొర్రెలు, పదకొండు భావాలు

మనిషికి కలిగే భావాలు మొత్తం పదకొండు. ఈ సంగతి తేలడానికి సృష్టి మొదలైనప్పటి నుంచి 1957 దాకా పట్టింది. అంతకు ముందు జనం ఎవరికి తోచినట్టు వాళ్లు ఏడుస్తూ, నవ్వుతూ, మూతి ముడుచుకుంటూ, ఒక పద్ధతీ పాడూ లేకుండా బతికేశారు. ప్రభుత్వం వారు కలగజేసుకోకపోతే ఇప్పటికీ అలాగే బతుకుతూ ఉండేవాళ్లు.

నిజానికి మొదట భావాలు పదమూడు. రాజధాని కర్నూలులో గుడారాల కింద ఉన్న రోజుల్లో, మనస్తత్వ శాస్త్రం చదువుకున్న పెద్దలు కొందరు ఒక గుడారంలో కూర్చుని, మనిషి ముఖాన్ని వర్ణించడానికి సర్కారు గుమాస్తాలు వాడదగిన మాటలు పదమూడింటిని ఖరారు చేశారు. రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు ఆ కాగితాలు లారీలో పోయాయి. దిగేసరికి పదకొండు మాటలే ఉన్నాయి. (చివరి పేజీ దారిలో గాలికి ఎగిరిపోయిందని లారీ డ్రైవరు వాంగ్మూలం ఇచ్చాడు.) పోయిన రెండు మాటలూ ఏవో ఆ పెద్దల్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. గుర్తు రానివి ముఖ్యమైనవి కావని తీర్మానించి, మిగిలిన పదకొండింటినే అచ్చు వేయించారు.

దాని పేరు భావ వర్ణన పట్టిక. దాన్ని అమలు జరపడానికి ప్రొద్దుటూరులో, మైదుకూరు రోడ్డు మీద ఉన్న ఒక పాత పత్తి గోదాములో ఆఫీసు పెట్టారు. అందులో నేను గుమాస్తాను. నా పేరు చెన్నకేశవ. ముఖాలు చూసి మాటలు రాయడం నా ఉద్యోగం.

పద్ధతి చాలా తేలిక. బావి తవ్వుకోవడానికి గానీ, తుపాకీ లైసెన్సుకు గానీ, చచ్చిన జీవాల జాబితాలో ఎక్కించడానికి గానీ ఎవరు అర్జీ పెట్టుకున్నా, ముందు మా దగ్గర భావం నమోదు చేయించుకోవాలి. అర్జీలు అబద్ధాలు చెబుతాయి, ముఖాలు చెప్పవు అని ప్రభుత్వం వారి నమ్మకం. ఫారంలో రెండు గడులు ఉంటాయి. మొదటి గడిలో, తన మనసు ఎలా ఉందని అర్జీదారు చెప్పాడో అది రాయాలి. రెండో గడిలో, అతని ముఖం గుమాస్తాకు ఎలా కనిపించిందో అది రాయాలి. శాస్త్రంలో మొదటిదాన్ని మనఃస్థితి అంటారు, రెండోదాన్ని భావం అంటారు. అంటే మనిషి భావం అతనిది కాదు, గుమాస్తాది.

పట్టికలో అన్నిటికన్నా మంచిది సమభావం. అది ఉంటే కాగితం వెంటనే కదులుతుంది. ఉల్లాసం ఉంటే ఎందుకుందో విచారించాలి. విషాదమో ఉద్రిక్తమో అయితే ఒక పూట కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. ముఖం కొంచెమే కదిలితే సంకుచితం, బద్ధకంగా కదిలితే మొద్దు భావం, అసలు కదలకపోతే చదును భావం. పూటకో రకంగా మారితే చపలం. మొదటి గడికీ రెండో గడికీ పొంతన లేకపోతే అసంగతం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. పదకొండోది 'ఇతరములు'. దాన్ని వాడాలంటే హైదరాబాదు నుంచి ముందుగా అనుమతి తెప్పించుకోవాలి. అనుమతి వచ్చేదాకా అర్జీదారు ముఖం అలాగే పెట్టుకుని ఉండాలి.

మా ప్రత్యేకాధికారి గారిది కాకినాడ వైపు. మంచివారు. (ఈ మాట వ్యంగ్యంగా అనడం లేదు.) రోజూ ఉతికిన చొక్కా వేసుకుని తొమ్మిదింటికల్లా వచ్చి, బల్ల మీద పట్టిక పరుచుకుని, దాని మూలన ఒక నాపరాతి ముక్క బరువు పెట్టుకుని, మనుషుల కోసం ఎదురు చూసేవారు. మనుషుల్ని అర్థం చేసుకోవాలని ఆయనకు నిజంగానే ఉండేది. పట్టిక ఉండబట్టి కుదరలేదు.

బంట్రోతు వలి బాషాకు యాభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు కట్టినవాడు. ఎవరి ముఖాన్ని ఏమనాలో మాకు తేల్చుకోవడం కష్టమైనప్పుడు, వలి బాషా ఆ భావాన్ని తన ముఖం మీద వేసి చూపించేవాడు. అర్జీదారు ముఖాన్నీ అతని ముఖాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకునేవాళ్లం. ఇది బాగుందని హైదరాబాదు వారు అతన్ని జిల్లాకు మాదిరి ముఖంగా ప్రకటించారు. ఒకసారి అతనికి పన్నుపోటు వచ్చి దవడ వాచింది. ఆ వారం జిల్లాలో సమభావం ఉన్న మనిషి ఒక్కడూ దొరకలేదు.

మొదటి చిక్కు జమ్మలమడుగు క్యాంపులో వచ్చింది. జైబున్నీసా అని గాజులమ్మే ఆవిడ, వీధిలో దుకాణం పెట్టుకునే అనుమతి కోసం వచ్చింది.

"మీ మనసు ఎలా ఉందమ్మా?" అని ప్రత్యేకాధికారి గారు అడిగారు.

"బాగుంది సార్. బాగలేకుంటే ఈడికెందుకు వస్తా, ఇంట్లో పండుకోనుంటా."

"ఎందుకమ్మా కోప్పడతారు?"

"కోపమేంది సార్? నేను మాట్లాడేదే ఇట్ల. మా ఇంట్లో అందరం ఇట్లనే మాట్లాడుకుంటాం. కోపమొచ్చిందనుకో, మాట్లాడను."

ప్రత్యేకాధికారి గారు నా వైపు వంగి, "ఉద్రిక్తం" అన్నారు మెల్లగా. ఆవిడ మామూలుగానే మాట్లాడుతోందని నాకు తెలుసు. మా అమ్మ నన్ను అన్నానికి పిలిచేది కూడా అంతకన్నా గట్టిగానే. అయినా స్థానిక భాషను వివరించడం నా విధుల్లో లేదు. ఉద్రిక్తం అని రాసి, బాగున్నానని చెప్పింది కాబట్టి పక్కనే అసంగతం అని కూడా రాశాను.

ప్రొద్దుటూరులో ఇంకో రకం. కమాల్ బాషా అని బట్టల వ్యాపారి మా ఆఫీసులో నిలబడి ఉండగానే, ఇంటి నుంచి మనిషి పరుగున వచ్చి మనవడు పుట్టాడని చెప్పాడు. పెళ్లయిన పదకొండేళ్లకు కూతురికి పుట్టిన బిడ్డ. కమాల్ బాషా, "అట్లనా" అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఆలోచించి, "నల్లగుండాడంటనా?" అన్నాడు. పదిమందిలో సంతోషం చూపిస్తే బిడ్డకు దిష్టి తగులుతుందని అతని భయం. ఈ ఊళ్లో ఎవరూ మంచి వార్తకు పళ్లు బయటపెట్టరు. చదును భావం అని రాశాను. బయటికి పోయాక అతను గోడ చాటున నిలబడి టోపీతో ముఖం కప్పుకోవడం కిటికీలోంచి కనిపించింది. కానీ అది ఆఫీసు ఆవరణ కాదు.

పులివెందులతో మా పని పూర్తయింది. ఆ తాలూకాలో ఏది అడిగినా ముందు "బాగుండాం" అంటారు. "బాగుండాం సార్, ఇల్లు కాలిపాయ" అంటారు. "బాగుండాం సార్, ఎద్దు పొడిచి ఎముక ఇరిగింది" అంటారు. ఎదుటి మనిషి పలకరిస్తే ముందు బాగున్నామని చెప్పి, ఆ తర్వాత కష్టం చెప్పడం వాళ్ల మర్యాద. పట్టికలో మర్యాదకు గడి లేదు. పులివెందులలో అసంగత భావం నూటికి నూరు శాతం తేలింది.

మూడు ఊళ్ల నివేదికలూ హైదరాబాదు పోయాయి. పట్టికలో తప్పుందా, మనుషుల్లో తప్పుందా అని అక్కడ రెండు నెలలు ఆలోచించారు. పట్టిక అప్పటికే ఇరవై వేల ప్రతులు అచ్చయి ఉంది కాబట్టి తప్పు మనుషుల్లో ఉందని తేలింది. కొత్త ఉత్తర్వు వచ్చింది: అసంగత భావం తీవ్రంగా ఉన్నవారిని ప్రొద్దుటూరు ఆఫీసు వరండాలో పరిశీలనలో ఉంచవలెను, రెండు గడులూ కలిసిన వెంటనే వదిలివేయవలెను, కలవనిచో ఆ శనివారం ఎర్రగుంట్లలో రైలెక్కించి పెద్దాసుపత్రికి పంపవలెను. పెద్దాసుపత్రి అంటే ఎలాంటి ఆసుపత్రో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడికి పోవడానికి ఒక సంతకం చాలు, రావడానికి ఏడు కావాలి.

ఈ ఉత్తర్వు వచ్చిన వారంలోనే మా ప్రత్యేకాధికారి గారికి టెలిగ్రాం వచ్చింది. కాకినాడలో వారి తల్లిగారు పోయారు. ఆయన చదివి, మడిచి, నాపరాతి బరువు కింద పెట్టి, "తర్వాత ఎవరు?" అన్నారు. సెలవు పెట్టలేదు. పులివెందుల తనిఖీ ఉంది. సిబ్బంది భావాలు నమోదు చేసే రిజిస్టరు కూడా నా దగ్గరే ఉండేది. ఆ రోజు ఆయన పేరుకు ఎదురుగా సమభావం అని రాశాను. ఎంత నిబ్బరమైన మనిషో అని మెచ్చుకున్నాను కూడా. టెలిగ్రాం ఆ బరువు కిందే ఉండిపోయింది.

ఇది జరిగిన మూడు వారాలకు మునెయ్య వచ్చాడు. వచ్చాడనడం మర్యాద కోసం. కరణం ఫిర్యాదు మీద ఇద్దరు తలార్లు బస్సెక్కించి తీసుకొచ్చారు.

మునెయ్యది పులివెందుల దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలు కాసే ఇల్లు. తొలకరికి మొలిచిన లేత గడ్డి మేసి, చిటుకు రోగం తగిలి, ఒక్క రాత్రిలో అతని మందలో నలభై చచ్చిపోయాయి. చచ్చిన జీవాల జాబితా రాసుకోవడానికి పొద్దున్నే కరణం పోయాడు. పోయేసరికి, వరసగా పడున్న నలభై గొర్రెల మధ్య నిలబడి మునెయ్య బెల్లం తింటున్నాడు. తింటూ నవ్వుతున్నాడు. మనసు ఎలా ఉందని కరణం ఫారం చూసి అడిగాడు. "బాగుండాం సామీ" అని, కరణానికి కూడా ఒక ముక్క బెల్లం పెట్టాడు. తీవ్ర అసంగతం అని రాయడానికి కరణానికి ఇంతకన్నా ఏం కావాలి? (బెల్లం తిన్నాకే రాశాడట.)

మునెయ్య వచ్చింది ఆదివారం. ప్రత్యేకాధికారి గారు జమ్మలమడుగు క్యాంపులో ఉన్నారు. గురువారం దాకా మునెయ్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఐదేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా, చేతిలో కర్ర లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. వలి బాషా ఇంటి నుంచి సంగటి తెచ్చి పెడితే సగం తినేవాడు. ఎలా ఉన్నావని అడిగితే బాగుండాను అనేవాడు.

బుధవారం వలి బాషా నా దగ్గరికొచ్చి, "ఆయప్ప దొడ్డి గోడ కాడ నిలబడి ఏడుస్తాండు సార్. శానాసేపుగా ఏడుస్తాండు. రాసుకో, గడి కలిసిపోతాది" అన్నాడు.

నేను నిబంధనలు తిరగేశాను. పరిశీలనాధికారి ఎదుట ఏడవని ఏడుపు చెల్లదు అని ఉంది. వలి బాషాకు అదే చదివి వినిపించాను. అతను నా ముఖం వైపు చూసిన చూపుకు పట్టికలో పేరు వెతికాను గానీ దొరకలేదు.

గురువారం పొద్దున ప్రత్యేకాధికారి గారు క్యాంపు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారో లేదో, ఆఫీసు ముందు దుమ్ము లేచింది. మందలో మిగిలిన అరవై గొర్రెలు లోపలికి వచ్చేశాయి. వాటి వెనక మునెయ్య భార్య మహాలక్ష్మమ్మ. నాలుగు రోజులు నడిచి, వేంపల్లె మీదుగా, ఎర్రగుంట్ల మీదుగా, పెన్నా దాటి వచ్చింది. ముంగిట్లో కొన్ని, వరండాలో కొన్ని, గోదాము తలుపులు మూసుకోవు కాబట్టి నా బల్ల పక్కన కొన్ని నిలబడ్డాయి. మునెయ్యను చూడగానే అన్నీ ఒకేసారి అరిచాయి. మునెయ్య లేచి నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"ఈ గొర్రెలు ఎందుకమ్మా?" అన్నారు ప్రత్యేకాధికారి గారు.

"ఇంటికాడ ఎవురికిడిసి రావాల సార్? మా ఆయప్పను ఈడ పెట్టుకున్యారంట. పిల్సుకపోదామని వచ్చినా."

"అతని భావం సరిగా లేదమ్మా. సరయితే వదిలేస్తాం. లేకపోతే ఎల్లుండి రైలుకు పంపించాలి."

"రైలు యాడికి పోతాది సార్?"

ఆయన చెప్పారు. మహాలక్ష్మమ్మ కొంగు బిగించి నిలబడింది. "గొర్లను నేనొక్కదాన్నే కాస్తా సార్, నాకేం బయం లేదు. ఆడికి పంపిస్తే ఆయప్పను ఎవురు కాస్తారు?"

దీనికి నిబంధనల్లో సమాధానం లేనందువల్ల వెంటనే పరిశీలన మొదలుపెట్టాం. మునెయ్యను బల్ల ముందు నిలబెట్టాం. నేను ఫారం తీశాను. వలి బాషా మాదిరి ముఖంతో సిద్ధంగా నిలబడ్డాడు.

"మునెయ్యా, నీ మనసు ఎలా ఉంది?"

"బాగుండాను సార్."

"నలభై గొర్రెలు పోయాయి కదా?"

"పొయినాయి సార్. నలబై."

"బాధ లేదూ?"

మునెయ్య పక్కకు చూశాడు. నా బల్ల దగ్గర నిలబడ్డ గొర్రె ఒకటి అతని ముఖంలోకే చూస్తోంది. అతని గడ్డం ఒకసారి వణికింది. వెంటనే పెదవులు సాగదీసి నవ్వాడు. "పొయినవి పొయినాయి సార్. ఉండేవి సల్లగుండనీ."

"చూశావా కేశవా, మళ్లీ నవ్వు" అన్నారు ప్రత్యేకాధికారి గారు, నిజంగా బాధపడుతూ. నేను అసంగతంలో 'అ' రాశాను.

"ఆయప్పను ఇప్పుడు అడగొద్దు సార్" అంది మహాలక్ష్మమ్మ గడప దగ్గర నుంచి. "అవి సూస్తాండాయి."

"ఎవరు చూస్తున్నారు?"

"గొర్లు సార్. మంద ముందర ఏడ్సకూడదు. కాపరి కండ్లల్లో నీళ్లు జూసినాయంటే ఉండేవాటికి గుండె జారిపోతాది. మేత ముట్టవు. ఒగదాని యనకాల ఒగటి పోతాయి. మా మామ అట్లనే సెప్పినాడు, మా మామకు వాళ్ల నాయన సెప్పినాడు. మందలో సావు పడిన దినం బెల్లం తిని, నగి, ఉండేవాటిని లేపుకోని పోవాల. ఏడ్సేది యనక సూసుకోవాల."

"వెనక అంటే ఎప్పుడు?"

"ఎప్పుడు తీరితే అప్పుడు సార్. మాకింగా తీరలే."

ప్రత్యేకాధికారి గారు బల్ల మీది నాపరాతి బరువును కొంచెం జరిపి, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టారు. నేను గొంతు సవరించుకుని, కారణాలు మొదటి గడికి సంబంధించినవనీ, రెండో గడి ముఖానికి సంబంధించినదనీ, గొర్రెల అభిప్రాయానికి ఫారంలో చోటు లేదనీ గుర్తు చేశాను. అప్పట్లో నేను మంచి గుమాస్తానని పేరు.

ఆయన పట్టిక వైపు చూసి, ఒక ఉత్తర్వు చెప్పారు. నేను టైపు కొట్టాను. 'పరిశీలనకు అడ్డముగా నున్న గొర్రెలు అరువదింటిని పెన్నా ఇసుకకు తరలించవలెను.' ఆయన సంతకం చేశారు. వలి బాషా చదివి వినిపించాడు. (గొర్రెలకు.)

"కనపడకుంటే సాలదు సార్, ఇనపడకూడదు గూడా" అంది మహాలక్ష్మమ్మ. మొగుడి దగ్గరికి వచ్చి, అతని భుజం మీది కంబళి సర్దింది. "నేను తోలుకపోతాండా. నువ్వు ఏడ్సుకో. నిదానంగా ఏడ్సుకో, ఏం తొందరల్యా" అని చెప్పి, మందను అదిలించుకుంటూ పోయింది.

గొర్రెల మెడల్లోని గంటల చప్పుడు ఏటి వైపు దూరమైపోయేదాకా మునెయ్య చెవి ఒగ్గి విన్నాడు. ఆఖరి గంట కూడా వినిపించడం ఆగిపోయాక నేల మీద చతికిలబడ్డాడు. ఏడుపు మొదలైన సమయం రాయాలి కాబట్టి నేను గోడ గడియారం చూశాను. పదకొండూ యాభై.

అతను ఊరికే ఏడవలేదు. ఒక్కొక్కదాన్నే తలుచుకుని ఏడ్చాడు. వేళ్ల కణుపులు లెక్కబెట్టుకుంటూ, ఒక్కొక్కదాని ఒంటి రంగూ, చెవుల తీరూ, అది ఏ వానలో పుట్టిందో, దేనికి భయపడేదో చెప్పాడు. బొల్లి ముఖందాన్ని నక్క నోట్లోంచి లాక్కున్నాడట. పొట్టి చెవులది తల్లి పాలివ్వకపోతే మహాలక్ష్మమ్మ ఒళ్లో పెరిగిందట. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట అతను చెప్పలేదు, వింటుంటే మాకే తెలిసింది.

పందొమ్మిదోదాని దగ్గర అతను కణుపు మీది వేలు తీయలేదు.

"అది ముసల్ది సార్. మందకంతా తల్లి. పండ్లు గూడా ల్యా. నేను యిదిగో వస్తాండా, వస్తాండా అని పరిగెత్తినా. నేను పొయ్యేతలికే సచ్చిపాయ. నేను వచ్చే దావ దిక్కే మూతి పెట్టుకోని పడిండాది."

ప్రత్యేకాధికారి గారు కళ్లద్దాలు తీశారు. తుడుచుకుందామని జేబులో రుమాలు వెతికారు. రుమాలు దొరికే లోపలే ఆయన ముఖం చెదిరిపోయింది. నాపరాతి బరువు పక్కకు నెట్టి, మూడు వారాల నాటి ఆ టెలిగ్రాం చేతిలోకి తీసుకుని, బల్ల మీద తల వాల్చేశారు. అంత శుభ్రమైన చొక్కా భుజాల దగ్గర అదురుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. వలి బాషా వైపు తిరిగాను. వలి బాషా గోడకు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆ పూటకు జిల్లాలో మాదిరి ముఖం అంటూ లేకుండా పోయింది.

నేను కూడా ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో చెప్పే మాట పట్టికలో లేదు. (లారీలోంచి ఎగిరిపోయిన పేజీలో ఉండి ఉండవచ్చు.) బుధవారం దొడ్డి గోడ దగ్గర ఒక మనిషి ఏడుస్తుంటే, నేను కుర్చీలోంచి లేవకుండా నిబంధన చదివాను. అది కొంత కారణం. మా అమ్మ అన్నానికి పిలిచే గొంతు ఆ ఏడాదే ఆగిపోయింది. అది మిగతా కారణం. మా అమ్మ పోయిన రోజు నా పేరుకు ఎదురుగా నేనే సమభావం అని రాసుకున్నాను.

నలభైయో గొర్రె అయిపోయేసరికి మునెయ్య తేటపడ్డాడు. మేము పడలేదు. అతను లేచి, కుండలోంచి ప్రత్యేకాధికారి గారికి నీళ్లు ముంచి ఇచ్చాడు. "తాగు సార్. ఏడ్సినాక నీళ్లు తాగాల, లేకుంటే తల నొస్తాది" అన్నాడు. ఆయన తాగారు. అందరం సర్దుకునేసరికి గడియారంలో రెండయింది. ముగింపు సమయం రాశాను.

ఇక్కడ నా ముందు ఒక చిక్కు నిలిచింది. పొద్దున నవ్వి మధ్యాహ్నం ఏడ్చినవాడిది పట్టిక ప్రకారం చపల భావం. దానికి ఇంకో వారం పరిశీలన. ఈ సంగతి నాకు తెలుసు, ప్రత్యేకాధికారి గారికి నాకన్నా బాగా తెలుసు. నేను అసంగతంలో రాసిన 'అ' కొట్టేసి, సమభావం అని రాసి, ఫారం ఆయన ముందుకు తోశాను. కళ్లద్దాలు పెట్టుకోకుండానే సంతకం చేశారు.

మునెయ్య వెంటనే పోలేదు. దొడ్లో వలి బాషా నీళ్లు తోడి పోస్తుంటే ముఖం కడుక్కున్నాడు.

"కండ్లు ఎర్రగుండాయా మామా?" అని అడిగాడు.

"శానా ఎర్రగుండాయప్పా. కొంచేపు కూసో."

ఎరుపు తగ్గేదాకా కూర్చున్నాడు. రెండుసార్లు వలి బాషాకు కళ్లు చూపించుకున్నాడు. సరే పో అన్నాక, నడుముకు కట్టుకున్న మూటలోంచి ఒక బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకుని, మా ముగ్గురికీ తలా ఒక ముక్క పెట్టి, ఏటి వైపు నడిచాడు. కాసేపటికి ఇసుకలోంచి అరవై గొర్రెలూ ఒకేసారి అరవడం ఆఫీసు దాకా వినిపించింది. ఆ వెనకే మహాలక్ష్మమ్మ గట్టిగా ఏదో అంది. కొత్తవాళ్లు వింటే తిడుతోందనుకుంటారు. ప్రత్యేకాధికారి గారు విని, "సంతోషం కదూ?" అని నన్ను అడిగారు. అవునన్నాను. మర్నాడు ఆయన సెలవు పెట్టి కాకినాడ వెళ్లారు.

ఆరు నెలలకు హైదరాబాదు నుంచి తనిఖీ వారి లేఖ వచ్చింది. 'మీ రిజిస్టరులో శ్రీ మునెయ్య ఏడ్చిన కాలము రెండు గంటల పది నిమిషములుగా చూపబడినది. నలువది గొర్రెలకు ఇది మిక్కిలి అధికము. సంజాయిషీ పంపవలెను.'

నేను ఉన్నదున్నట్టు జవాబు రాశాను. 'పై కాలములో గొర్రెల వాటా సుమారు నలువది నిమిషములు మాత్రమే. తక్కినది ఆఫీసు సిబ్బందిదని మనవి.'

దానికి తిరుగు టపాలో ఉత్తర్వు వచ్చింది. 'సంజాయిషీ అంగీకరించడమైనది. ఇకమీదట సిబ్బంది దుఃఖమును ప్రజల దుఃఖముతో కలపక, ప్రత్యేక రిజిస్టరులో చూపవలెను. సదరు రిజిస్టరు ఇక్కడినుండి పంపబడును. అది చేరువరకు సిబ్బంది వేచియుండవలెను.'

నేను 1985లో రిటైరయ్యాను. అప్పటికి ఇంకా రాలేదు.